మూడో తొట్టి, నాలుగో తొట్టి

"చేపలు బయటికి వెళ్ళేదాకా నేను స్నానం చెయ్యను," అన్నారు మామయ్య, తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గది గుమ్మంలో నిలబడి.

అది మూడో రోజు. మొదటి రోజు విసుక్కున్నారు. రెండో రోజు పెరటి కుళాయి దగ్గర కానిచ్చారు. మూడో రోజుకి సమ్మెకి దిగారు.

"వాటికి ఒంట్లో బాలేదు నాన్నా," అన్నారు మా ఆయన బూట్లు తొడుక్కుంటూ.

"నాకు మాత్రం బాగుందా? ఒళ్ళంతా దురద."

"మీ పాటికి మీరు చేసెయ్యండి మామయ్యా, అవేం చూడవు," అంది మా తోడికోడలు.

"చూడవని నీతో చెప్పాయా? ఆ పెద్దది నన్ను రెప్పవాల్చకుండా చూస్తోంది."

"చేపలకి రెప్పలుండవు మామయ్యా."

"మరీ అన్యాయం!"

నేను నవ్వు దాచుకోవడానికి గిన్నెలు తోమే నెపంతో అటు తిరిగాను. మా తోడికోడలిని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. మాట కూడా అలాగే, వచ్చి వాలి ఎగిరిపోతుంది. మామయ్యకి ఎదురు చెప్పి కూడా తిట్లు తినని మనిషి ఇంట్లో తనొక్కతే. అలాగని షెడ్డులోకి మాత్రం ఊరికే రానివ్వలేదు. "చేపల దగ్గర తొందరపాటు పనికిరాదు" అని ఏడాదిపాటు గుమ్మం దగ్గరే ఆపారు. నేను పూచీ పడితే ఈ మధ్యే ఒప్పుకున్నారు.

స్నానాల గదిలో సగం జాగా ఆక్రమించిన నీలం టబ్బులో ఆరు తిలాపియా చేపలున్నాయి. మా ఆయనే తెచ్చి వేశారు. ఇంటి వెనక షెడ్డులో మాకు నాలుగు గుండ్రటి తొట్లు. ఒకటీ రెండూ బంగారంలా ఉన్నాయి. మూడోదీ నాలుగోదీ నెల రోజులుగా మా ప్రాణం తోడేస్తున్నాయి. మూడో తొట్టిలో చేపలు తెల్లవారేసరికి పైకి తేలి నోళ్ళు తెరిచి గాలి మింగుతూ కనబడుతున్నాయి. ఒంటిమీద ఎర్ర మచ్చలు. రోజూ నాలుగో అయిదో చచ్చి తేలుతున్నాయి. వాటిలో ఓ ఆరింటిని విడిగా పెట్టి చూద్దాం, విశాలంగా ఉంటే తేరుకుంటాయేమోనని ఈ టబ్బు వైద్యం.

తేరుకున్నాయా అంటే, ఏమని చెప్పను? గాలి మింగడం మానేశాయి. మొప్పలు ఎర్రబారాయి, అది మంచి గుర్తే. కానీ మూడో రోజుకి ఒకదాని తోక చిరిగిపోయింది. ఇంకోదాని వీపు మీద పొలుసులు లేచిపోయాయి. ఒకటి మూలకి నక్కింది, కదలదు. పెద్దదొకటి మాత్రం టబ్బంతా తన సొంత ఇల్లన్నట్టు తిరుగుతోంది. బాగుపడ్డాయనాలా, చెడిపోయాయనాలా?

"రోగం ముదిరింది," అన్నారు మా ఆయన తలుపు సందులోంచి చూసి.

*

ఆ పూట చేపల డాక్టరమ్మ వచ్చింది. చిన్న పెట్టె నిండా సీసాలు, నీళ్ళలో ముంచే మీటరు. చేతులు కడుక్కుని, బూట్లు మందు నీళ్ళలో ముంచి, నాలుగు తొట్ల చుట్టూ రెండు సార్లు తిరిగింది. మూడో తొట్టి దగ్గర చాలాసేపు వంగి కూర్చుంది. నాలుగో తొట్టి దగ్గర ఇంకా ఎక్కువసేపు నిలబడింది.

"రెండింటికీ ఒకే మేత వేస్తున్నారా?"

"నాలుగింటికీ ఒకటే," అన్నాను. "తొట్టికి రెండు వేల చేపలు. దాన్నిబట్టే తూచి వేస్తాం."

"తింటున్నాయా?"

అక్కడే తిరకాసు. మూడో తొట్టిలో మేత పడిన నిమిషంలో మాయం. అయినా చేపలు సన్నగా, తలకాయ పెద్దగా, ఒళ్ళు పీలగా ఉన్నాయి. నాలుగో తొట్టిలో మేత అలాగే తేలుతూ మిగిలిపోతోంది. అయినా అందులో కొన్ని చేపలు నా అరచేతి కంటే పెద్దవి, కొన్ని వేలెడంత. పెద్దవి చిన్నవాటిని తరుముతున్నాయి. చిన్నవాటి రెక్కలు చీలికలు పేలికలు.

"తినేవి చిక్కిపోతున్నాయి, తిననివి బలుస్తున్నాయి," అన్నాను. "నాకు బుర్ర పనిచెయ్యడం మానేసింది డాక్టరమ్మా."

ఆమె మీటరు ముంచింది. మూడో తొట్టిలో అమ్మోనియా ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. నాలుగో తొట్టిలో నీళ్ళు, మిగిలిన మేత వల్ల కాస్త మురికిగా ఉన్నా, లెక్క ప్రకారం బాగానే ఉన్నాయి.

"మూడోది చూస్తే, చేపలు ఎక్కువై ఊపిరాడనట్టు ఉంది. ఇరుకైతే నీళ్ళు తొందరగా పాడవుతాయి, చేప ఒంట్లో శక్తి తగ్గుతుంది, చిన్న సూక్ష్మజీవి కూడా పెద్ద రోగమైపోతుంది."

"అయితే చేపలు ఎక్కువయ్యాయి," అన్నారు మా ఆయన.

"ఒకటీ రెండింట్లో కూడా రెండు వేలేగా? అవి బాగున్నాయిగా? అన్ని తొట్లూ ఒకే కొలత, ఒకే గాలి మోటారు. మీరు చెప్పే లెక్కకీ నేను చూసేదానికీ పొంతన లేదు. పైగా ఈ నాలుగోది..." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇందులో ఏ జబ్బూ కనబడట్లేదు. కొట్టుకున్న దెబ్బలే."

టబ్బు కూడా చూపించాం. మామయ్య ఆవిడ వెనకే వచ్చి, తన స్నానం కేసు కూడా విచారణకి వస్తుందేమోనని నిలబడ్డారు.

"ఇంత పెద్ద టబ్బులో ఆరు వేస్తే ఇదే అవుతుంది," అందామె. "తిలాపియాకి ఖాళీ ఎక్కువైతే ప్రతీదీ ఒక మూల నాదంటుంది. మరీ పలచగా ఉన్నా యుద్ధమే, మరీ కిక్కిరిసినా చావే. ఇందులో ఇంకో ఇరవై వేస్తే, ఎవరిని తరమాలో తెలియక ఊరుకుంటాయి."

"మరి సరైన లెక్క ఎంతమ్మా?" అన్నారు మామయ్య.

"చేప సైజునిబట్టి ఉంటుందండీ. గాలిని బట్టి, రోజూ ఎన్ని నీళ్ళు మారుస్తారన్నదాన్ని బట్టి..."

"నేను పాతికేళ్ళుగా తొట్టికి రెండు వేలే వేస్తున్నాను. ఏ చేపా వచ్చి నాకు ఇరుకనీ, పలచననీ చెప్పలేదు."

"అసలు రెండు వేలని ఎలా లెక్కపెట్టారు?"

మామయ్య ముఖం వెలిగిపోయింది. ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే ఆయన దురద కూడా మర్చిపోతారు. రెండు పాలపొడి డబ్బాలు తెప్పించి చూపించారు. ఒకదాంట్లో ఇరవై చొక్కా గుండీలు, రెండోది ఖాళీ. చిల్లుల గిన్నెతో ముంచితే సుమారు వంద చేపపిల్లలు వస్తాయి. మొదటి రెండు మూడు గిన్నెలూ లెక్కపెట్టి చూసుకుంటాం. ఆ తర్వాత గిన్నెకో గుండీ, ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి. ఈ డబ్బా ఖాళీ అయిందంటే ఆ తొట్టి పూర్తయినట్టు. తర్వాతి తొట్టికి ఆ డబ్బాలోంచి మళ్ళీ ఇటు.

"నోటితో లెక్కపెడితే ఎవరో పలకరిస్తారు, లెక్క పోతుంది," అన్నారు. "డబ్బాని ఎవరూ పలకరించరు. మా పెద్ద కోడలు చేతిలో ఒక్క గుండీ తేడా రాలేదు ఇంతవరకు. ఎనిమిది వేలు వచ్చాయి, ఎనిమిది వేలూ సరిపోయాయి."

డాక్టరమ్మ నీళ్ళ నమూనాలూ రెండు చచ్చిన చేపలూ సంచిలో వేసుకుంది. పరీక్షకి నాలుగు రోజులు పడుతుందంది. "అంటురోగం కాదని ఇప్పుడే నేను చెప్పలేను. అవునని కూడా చెప్పలేను," అని వెళ్ళిపోయింది.

మా ఆయన ఆ రెండు మాటల్లో ఒకటే విన్నారు.

*

మర్నాడు మధ్యాహ్నానికి మా మరిది వ్యానులో సున్నం బస్తాలు తెచ్చి షెడ్డు గోడకి ఆనించి పేర్చాడు. షెడ్డు వెనక గొయ్యి తవ్వించడం కూడా అయిపోయింది.

"ఎల్లుండి పొద్దున రెండు తొట్లూ తీసేద్దాం," అన్నారు మా ఆయన. "ఒకటీ రెండుకి అంటుకుంటే ఇక ఏమీ మిగలదు. నాలుగు రోజులు ఆగే ధైర్యం నాకు లేదు."

మూడు నెలలు పెంచిన చేపలు. రోజుకి రెండు పూటలా నేనూ పిచ్చుకా చేత్తో మేత చల్లి పెంచినవి. వాటిని బతికుండగానే గోతిలో వేసి సున్నం చల్లాలి. మా ఆయనది తప్పని కాదు. ఆయన చెప్పింది వింటే సబబుగానే ఉంది. డాక్టరమ్మ చెప్పింది కూడా సబబుగానే ఉంది. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెడితే మాత్రం ఏదో తేడా కొడుతోంది, అదేంటో అందట్లేదు.

ఆ సాయంత్రం టబ్బులో నీళ్ళు మార్చడానికి వెళ్ళాను. మూలకి నక్కిన చేప ఇంకా అక్కడే ఉంది. మేత వేశాను. పెద్దది మింగగలిగినంత మింగి, మిగిలినదాని దగ్గరికి ఇంకోదాన్ని రానివ్వలేదు. మేత తేలుతూ ఉండిపోయింది.

చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

ఇది నేను రోజూ చూస్తున్నదే. ఇక్కడ కాదు. నాలుగో తొట్టిలో. మిగిలిపోయే మేత, బలిసిన నాలుగైదు, చిరిగిన తోకలు. టబ్బులో చేపలు మూడో తొట్టివి, వాటికి మూడో తొట్టి రోగం రావాలి. నాలుగో తొట్టి రోగం ఎలా వచ్చింది? ఖాళీ ఎక్కువైతే వస్తుందని ఆవిడ చెప్పింది. మరి నాలుగో తొట్టిలో ఖాళీ ఎక్కడుంది? రెండు వేలున్నాయి కదా.

ఉన్నాయా?

వంటింట్లోకి వెళ్ళాను. పిచ్చుక ఉల్లిపాయలు తరుగుతోంది.

"పిల్లల్ని వదిలిన రోజు నీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదక్కా. నా గోరు కింద ముల్లు దిగింది. ఇంత లావు వాచింది." కత్తి పట్టుకున్న చేత్తోనే బొటనవేలు చూపించింది.

అది నాకూ గుర్తే. మూడో తొట్టి మొదలుపెట్టాం. నేను గిన్నె ముంచుతున్నాను, తను గుండీలు వేస్తోంది. మధ్యలో పిల్లలు వచ్చిన డ్రమ్ములో చెయ్యి పెట్టింది, చేపపిల్ల రెక్క ముల్లు గుచ్చుకుంది. రక్తం. కుళాయి దగ్గరికి పరిగెత్తింది. నేనొక్కదాన్నే గిన్నె, గుండీ రెండూ చూసుకుని మూడో తొట్టి పూర్తి చేశాను. ఆ తర్వాత పిల్లలు తెచ్చిన లారీ అతను కాగితం మీద సంతకం కావాలని పిలిచాడు.

"అప్పుడు నువ్వు వచ్చావు. మిగతాది నువ్వు కానిస్తూ ఉండమని నీకు చెప్పి వెళ్ళాను," అన్నాను. "వచ్చి చూశావు. తర్వాత?"

"డబ్బా చూశాను. నిండుగా ఉంది. మొదలుపెట్టాను."

"దేంట్లో?"

"తొట్టిలో."

"అదే, ఏ తొట్టిలో?"

పిచ్చుక కత్తి ఆపింది. నా ముఖం చూసింది. "మనం చేస్తున్న తొట్టిలోనే అక్కా."

ఇలా కుదరదని రెండు గిన్నెలు తీసి బల్ల మీద పెట్టాను. ఇది మూడు, ఇది నాలుగు. చేపపిల్లలకి బదులు చెంచాతో బియ్యం. గుండీలు షెడ్డులో ఉన్నాయి కాబట్టి రెండు వంటింటి డబ్బాలు తీసి, ఒకదాంట్లో వెల్లుల్లి రేకలు. ఇరవై.

"నేను వెళ్ళాను. నువ్వు రా."

తను గుమ్మం దాకా వెళ్ళి, బొటనవేలు పట్టుకుని, నిజంగా నొప్పి పుట్టినట్టే ముఖం పెట్టి వచ్చింది. మూతలు లేని రెండు డబ్బాల వైపు చూసింది. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా.

"ఇదిగో, నిండు డబ్బా. అంటే ఇంకా మొదలవ్వలేదని. నేను వెళ్ళేసరికి ఆరో ఏడో వేశాం. అక్క లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి పెట్టిందేమో అనుకున్నాను. అడుగుదామంటే నువ్వు లారీ దగ్గర ఉన్నావు..." చెంచాతో బియ్యం తీసింది. చెయ్యి మూడో గిన్నె మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది.

నేను ఆ చెంచా తీసి పక్కన పెట్టాను.

"నేను తిరిగొచ్చి, ఎంతవరకు అయిందన్నాను," అన్నాను మెల్లిగా.

"సగం అయిందన్నాను. పది వేశానుగా. వేలు సలుపుతుంటే నేను లోపలికి వచ్చేశాను."

"మిగిలిన పదీ నేను వేశాను. నాలుగో దాంట్లో. నువ్వు వేసిన సగం కూడా అందులోనే ఉందనుకుని."

మూడు వేలు ఇటు. వెయ్యి అటు. మొత్తం ఎనిమిది వేలూ సరిగ్గా సరిపోయాయి.

"అక్కా," అంది పిచ్చుక. "నేను నాలుగో దాంట్లోనే వేశానేమో. అది కూడా వేసినట్టే అనిపిస్తోంది. ఇప్పుడు నువ్వు అడిగితే రెండూ నిజంలాగే ఉన్నాయి."

నాకూ అంతే. ఆలోచించేకొద్దీ, తను నాలుగో తొట్టి పక్కన నిలబడి ఉండగా చూసినట్టు ఒకసారి, మూడో దాని పక్కన చూసినట్టు ఇంకోసారి. ఆ తొట్లకి పేర్లు రాసి లేవు. రెండింటి మధ్య ఓ మనిషి పట్టేంత దారి. అందులో నిలబడితే ఏ చెయ్యి అయినా ఏ తొట్టికైనా అందుతుంది.

*

మర్నాడు పొద్దున్న మేత వేసే నెపంతో చిన్న వల పట్టుకుని వెళ్ళాం. మూడో తొట్టిలో ఒకసారి లాగితే వల బరువుకి పిచ్చుక ముందుకు తూలింది. నాలుగో తొట్టిలో లాగితే పదో పన్నెండో. నా గుండె ఎగిరి గంతేసింది. రెండోసారి లాగాను. ఈసారి నాలుగో దాంట్లోనే యాభై పైగా పడ్డాయి. గోడ పక్కన గుంపుగా ఉన్నట్టున్నాయి. ఎగిరిన గుండె మళ్ళీ కూలబడింది.

"దీన్నిబట్టి ఏం తెలిసింది?" అంది పిచ్చుక.

"వల వేసిన చోట చేపలున్నాయని తెలిసింది," అన్నాను.

ఖాయంగా తెలియాలంటే తొట్టి నీళ్ళు దించి ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. నీళ్ళు దించితే నీరసపడ్డ చేపలు తట్టుకోవు. మూడో తొట్టి జోలికి వెళ్ళలేం. లెక్కపెడితే నాలుగోదే పెట్టాలి. అదీ ఈ రాత్రి గడిచేలోపు ఇంట్లో చెప్పి ఒప్పించాలి. చెబితే ఎందుకు అని అడుగుతారు.

"నా పేరు చెప్పకక్కా," అంది పిచ్చుక, వల ఆరవేస్తూ. మొదటిసారి తన మాటలు ఎగరకుండా నేల మీదే నడిచాయి. "ఏడాది పట్టింది నాకు ఈ షెడ్డులోకి రావడానికి. మళ్ళీ గుమ్మం దగ్గర నిలబెడతారు. మీ మరిది అయితే జన్మంతా ఇదే పాట."

"చెప్పకపోతే వీటిని గోతిలో వేస్తారు."

"తెలుసు." కళ్ళు తుడుచుకుంది. "తెలిసే అంటున్నాను. ఏం అంటున్నానో నాకే తెలియట్లేదు."

నేను తిట్టలేదు. తిట్టడానికి నాకు మాత్రం ఏం హక్కుంది? మిగతాది కానివ్వమని చెప్పి వెళ్ళిన మనిషిని నేను. ఏ తొట్టో చూపించకుండా, ఎందులో సగమో అడగకుండా, ఒక్క గుండీ తేడా రాని పెద్ద కోడలిని కదా అనుకుని. ఒకవేళ మా ఊహ తప్పైతే? నాలుగో దాంట్లో నిజంగానే రెండు వేలుంటే, అది నిజంగా అంటురోగమే అయితే? లెక్క పేరుతో ఒక పూట ఆలస్యం చేసి ఒకటీ రెండు తొట్లకి కూడా నేనే అంటించినదాన్ని అవుతాను. పగలంతా ఈ రెండింటి మధ్యే తిరిగాను. బట్టలు ఉతికాను, ఆరేశాను, ఆరిన వాటినే మళ్ళీ తడిపాను.

పొద్దు వాలేముందు షెడ్డులోకి వెళ్ళి మూడో తొట్టి గట్టు మీద కూర్చున్నాను. గాలి మోటారు గొణుగుతోంది. నీళ్ళపైన నోళ్ళు, ఎక్కడ చూసినా నోళ్ళు, తెరుచుకుంటూ మూసుకుంటూ. లేచి నాలుగో తొట్టి దగ్గర కూర్చున్నాను. నీళ్ళ మీద పొద్దుటి మేత ఇంకా తేలుతోంది. తెలిసిందని చెప్పలేను. కానీ ఈ రెండూ ఒకే జబ్బని ఇక నన్ను ఎవరూ నమ్మించలేరు.

*

భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. మా మరిది సున్నం బస్తాలు ఎన్ని సరిపోతాయో చెబుతున్నాడు. మామయ్య పప్పు కలుపుకుంటున్నారు. పిచ్చుక కంచంలో వేలితో గీతలు గీస్తోంది.

"ఇంకో రెండు బస్తాలు తెచ్చుకుంటే పోయేది," అన్నాడు మరిది. "ఏమంటావు వదినా?"

నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"రేపు పొద్దున సున్నం వద్దు. అయిదింటికి నాలుగో తొట్టి నీళ్ళు దించుతున్నాను. ఒక్కో చేపనీ చేత్తో లెక్కపెడతాను. పిల్లల్ని వదిలిన రోజు నా లెక్క తప్పిందని అనుమానం. మూడో దాంట్లో మూడు వేలు పడి, నాలుగో దాంట్లో వెయ్యే పడి ఉండొచ్చు."

మా ఆయన నా వైపు తిరిగారు. "నీ లెక్క తప్పడం ఏంటి?"

"తప్పింది. ఏ తొట్టో చూపించకుండా పని అప్పగించి వెళ్ళాను."

"ఎవరికి?" అన్నారు మామయ్య.

పేరు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

"నాకు," అంది పిచ్చుక, తల ఎత్తకుండా. "నేనూ అడగలేదు మామయ్యా."

మా మరిది ఏదో అనబోయాడు. మామయ్య అతని వైపు చూశారు, అతను నోరు మూసుకున్నాడు. ఆ చూపు తర్వాత పిచ్చుక మీదికి తిరిగింది, అక్కడి నుంచి నా మీదికి. అందులో కోపం ఉందో, లేదో, నాకు అంతుపట్టలేదు.

"వెయ్యి దగ్గర్లో ఉంటే మూడో దాంట్లోంచి వెయ్యి తీసి ఇటు మారుస్తాం, నేనూ తనూ," అన్నాను. "రెండు వేలు ఉంటే మీరు చెప్పినట్టే. అప్పుడు సున్నం నేనే చల్లుతాను."